కారు చార్జరు కంటే ముందు ఎర్తు



దిండి వంతెన మీద కాసేపు నిలబడితే ఈ మధ్య ఆకుపచ్చ నంబరు ప్లేటు కరెంటు కార్లు తరచుగా కనిపిస్తున్నాయి. కొన్ని చించినాడ మీదుగా పాలకొల్లు వైపు, కొన్ని రాజోలు, అమలాపురం వైపు వెళ్తుంటాయి. హౌస్‌బోటు ఎక్కడానికి హైదరాబాదు నుంచి వచ్చేవి మరికొన్ని. మన ఊళ్లలోనూ కరెంటు కారు కొన్నవాళ్లు, కొనాలనుకునేవాళ్లు పెరుగుతున్నారు. ఇళ్ల వైరింగు చూసే పనిలో ఉన్నవాడిని కాబట్టి వాళ్లందరూ నన్ను మొదట అడిగేది ఒకటే: "ఇంట్లో ఎన్ని కిలోవాట్ల చార్జరు పెట్టించుకోవాలండీ?"

నేను చెప్పేదీ ఒకటే. చార్జరు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఇంటి ఎర్తు చూపించండి.

ఎందుకు ఇంత పట్టుబడతానో కాసేపట్లో చెబుతాను. ముందు మనకు నిజంగా ఎంత కరెంటు కావాలో లెక్క వేసుకుందాం.

దిండిలో ఉంటూ పాలకొల్లులో షాపు నడుపుకునే ఆయన, మలికిపురంలో ఉంటూ రాజోలులో ఉద్యోగం చేసే ఆవిడ రోజుకు రానూ పోనూ 40 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. చిన్న, మధ్యరకం కరెంటు కారు మన రోడ్ల మీద ఏసీ వేసుకుని కూడా యూనిట్టుకు 7, 8 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే బ్యాటరీకి రోజుకు కావలసింది 6 యూనిట్ల లోపే. చార్జింగు జరిగేటప్పుడు 10 నుంచి 15 శాతం వేడి రూపంలో పోతుంది కాబట్టి మీటరులో దాదాపు 7 యూనిట్లు తిరుగుతాయి. మనం గీజరుకో, ఏసీకో వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు గంటకు 3 యూనిట్లు సులువుగా ఇస్తుంది. రాత్రి పదకొండింటికి గుచ్చితే ఒంటిగంటన్నరకల్లా ఆ రోజు తిరుగుడుకు సరిపడా నిండిపోతుంది. తెల్లారే దాకా ఇంకా నాలుగైదు గంటలు మిగిలే ఉంటాయి.

ఈ లెక్క చెబితే చాలామంది నమ్మరు. కార్ల షోరూములో గోడకు తగిలించే 7.2 కిలోవాట్ల పెట్టె చూపిస్తారు. అది లేకపోతే కారు నడవదేమో అన్నంత బెంగ పుడుతుంది. ఆ పెట్టె అసలు ఏం చేస్తుందో తెలిస్తే ఆ బెంగ సగం తగ్గుతుంది.

మన ఇంటికి వచ్చేది ఏసీ కరెంటు. బ్యాటరీ తీసుకునేది డీసీ. ఏసీని డీసీగా మార్చే యంత్రం కారు లోపలే ఉంటుంది. హైవే పక్కన బీరువా అంత ఫాస్ట్ చార్జర్లు చూస్తుంటాం కదా, వాటిలో ఆ మార్పిడి బయటే జరిగిపోతుంది, అందుకే అవి అంత పెద్దవి, అంత ఖరీదైనవి. ఇంటి గోడ మీది పెట్టె మార్పిడేమీ చెయ్యదు. ఒక సన్నని పైలట్ వైరు మీద సెకనుకు వెయ్యిసార్లు కొట్టుకునే సంకేతం పంపి, ఎన్ని ఆంపియర్ల దాకా లాగవచ్చో కారుకు చెబుతుంది. ఎర్తు సరిగా ఉందా, కరెంటు ఎక్కడైనా లీకవుతోందా అని కనిపెట్టుకుని ఉంటుంది. తేడా వస్తే లైను కోసేస్తుంది. కారుతో పాటు డిక్కీలో ఇచ్చే కేబులుకు మధ్యలో ఇటుకంత పెట్టె ఒకటి వేలాడుతుంటుంది, అది కూడా ఇదే పని చేస్తుంది.

కాబట్టి గోడ పెట్టె ఎంత పెద్దదైనా, కారు లోపలి యంత్రం ఎంత తీసుకోగలదో అంతే తీసుకుంటుంది. టియాగో ఈవీలో 3.3 కిలోవాట్ల యంత్రం ఉన్న రకాలూ ఉన్నాయి, 7.2 కిలోవాట్లవీ ఉన్నాయి. 3.3 ఉన్న కారు కొని, గోడ మీద 7.2 పెట్టె పెట్టిస్తే పెట్టిన డబ్బు గోడ మీదే ఉండిపోతుంది. క్రెటా ఎలక్ట్రిక్ 11 కిలోవాట్ల దాకా తీసుకోగలదు. అయితే 11 కిలోవాట్లు కావాలంటే ఇంటికి త్రీఫేజు ఉండాలి. సింగిల్ ఫేజులో 230 వోల్టుల మీద 32 ఆంపియర్లు లాగితే వచ్చేది 7.36 కిలోవాట్లు. ఇంటి చార్జర్లన్నీ 7.2, 7.4 అని చెప్పుకునేది ఇందుకే. కారు కొనేటప్పుడు అడగాల్సింది "ఆన్‌బోర్డ్ చార్జరు ఎంత?" అని. ఈ ఒక్క జవాబుతో సగం ఎంపిక అయిపోతుంది.

పెద్ద పెట్టె ఎవరికి కావాలి? 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ లాంటి కారు, రోజూ 150, 200 కిలోమీటర్లు తిరిగే పని ఉన్నవాళ్లకు కావాలి. అంత బ్యాటరీ అడుగంటిపోతే 15 ఆంపియర్ల ప్లగ్గు మీద నిండటానికి 16, 17 గంటలు పడుతుంది. 7.2 పెట్టె మీద ఆరేడు గంటలు చాలు. టాక్సీ తిప్పేవాళ్లకు, ఇంట్లో రెండు కార్లు ఉన్నవాళ్లకు, రాజమహేంద్రవరం వెళ్లి వచ్చి మళ్లీ సాయంత్రం బయల్దేరాల్సిన డాక్టరుగారికి అది అవసరమే. మిగతా వాళ్లకు నా సలహా: పెట్టెకు పెట్టే డబ్బు ఎర్తుకు, వైరుకు, బ్రేకరుకు పెట్టండి.

ఇక ఎర్తు సంగతి.

వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గరలో కొబ్బరితోట మధ్య ఒక పాత పెంకుటిల్లు. పక్కన కొత్తగా వేసిన రేకుల షెడ్డులో కారు. కారుతో ఇచ్చిన కేబులు గుచ్చితే మొదట్లో దాని పెట్టె మీద ఎర్రలైటు వెలిగి ఆగిపోయేదట. "మొన్న కుర్రాడొచ్చి సరిచేశాడండీ, ఇప్పుడు పచ్చలైటే వస్తోంది" అన్నారు ఆ ఇంటి పెద్దాయన సంతోషంగా. మెయిను కట్టేసి సాకెట్టు విప్పాను. పై పెద్ద రంధ్రం, అంటే ఎర్తు పిన్ను వెనకాల ఆకుపచ్చ వైరు లేదు. అక్కడినుంచి రెండంగుళాల నల్లవైరు ముక్క ఒకటి తిన్నగా న్యూట్రల్ స్క్రూ కిందికి దూరింది. కుర్రాడు చేసిన రిపేరు అది. ఎర్తు లేదని మొరపెట్టుకుంటున్న కేబులుకు న్యూట్రల్‌ను చూపించి ఎర్తు అని నమ్మించాడు.

మన జిల్లాలోనే కాదు, చాలా ఊళ్లలో ఇది జరుగుతోంది. ప్రాణం మీదికి తెచ్చే పని కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

న్యూట్రల్ అనేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిపి ఉంటుంది. అందుకే మామూలు రోజుల్లో దాన్ని ముట్టుకున్నా షాకు తెలియకపోవచ్చు. కానీ మన ఊళ్లలో స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు కొబ్బరిచెట్ల మధ్య నుంచి వస్తుంది. గాలివాన రోజున ఒక మట్ట విరిగి పడి న్యూట్రల్ ఒక్కటే తెగిందనుకోండి. ఫేజు మాత్రం ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. అది ఫ్రిజ్జులోంచో, ఫ్యానులోంచో దాటి, వెనక్కి పోయే దారి లేక ఇంట్లోని న్యూట్రల్ వైరులో నిలబడిపోతుంది. ఆ న్యూట్రల్‌ను మీరు ఎర్తు పిన్నుకు కలిపి ఉంచారు. ఎర్తు పిన్ను కేబులు గుండా కారు బాడీకి కలిసి ఉంది. అంటే కారు డోరు హ్యాండిల్ మీద 230 వోల్టులు ఉన్నట్టు. టైర్లు రబ్బరువి కాబట్టి ఆ కరెంటు భూమిలోకి దిగిపోదు, ఎవరైనా వచ్చి ముట్టుకునే దాకా అలాగే ఉంటుంది. వాన వెలిశాక తడినేల మీద చెప్పుల్లేకుండా వచ్చి కారు తలుపు తీసేది మన పిల్లలే కదా.

ఎర్రలైటు వెలిగినప్పుడు ఆ కేబులు పాడైపోలేదు. మిమ్మల్ని కాపాడుతోంది. దాని నోరు నొక్కకండి.

సరే, ఎర్తు గొయ్యి ఉంది, వైరు ఉంది, అంతా బాగుంది అనుకుందాం. అప్పుడు కూడా మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు వేరు, మన ఇంటి ఎర్తు వేరు. రెంటినీ కలిపేది మధ్యలో ఉన్న మట్టి. రెండు గోతుల నిరోధం కలిపి 10 ఓములు ఉందనుకుందాం, అది చెడ్డ అంకేమీ కాదు. కారు చార్జరులో ఫేజు వైరు బాడీకి తగిలితే భూమిలోకి పారేది 230 భాగారం 10, అంటే 23 ఆంపియర్లు. మీరు పెట్టింది 32 ఆంపియర్ల ఎంసీబీ బ్రేకరు అయితే అది పడిపోదు, పడిపోవాల్సిన అవసరం ఉందని దానికి తెలియదు కూడా. ఎంసీబీ చూసేది వైరు కాలిపోకుండా, మనిషి గురించి దానికి పట్టింపు లేదు. మనిషి కోసం ఉండేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే కన్నుమూసి తెరిచేలోగా లైను కట్ చేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లంటే ఒక ఆంపియరులో వెయ్యింట ముప్పై వంతులు.

ఇందులోనూ రకాలున్నాయి, కొనేటప్పుడు రకం పేరు పెట్టి అడగాలి. షాపులో చవగ్గా దొరికేది టైప్ ఏసీ. కారు చార్జింగులో డీసీ కరెంటు లీకయ్యే వీలుంది, ఆ డీసీకి మామూలు ఆర్‌సీసీబీ మొద్దుబారిపోతుంది, తర్వాత అసలు షాకు కొట్టినా కదలదు. అందుకని టైప్ ఏ తీసుకుని, గోడ పెట్టెలో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకును పట్టే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి. పెట్టెలో ఆ ఏర్పాటు లేకపోతే టైప్ బి పెట్టించాలి, దాని ధర ఎక్కువ. పెట్టె మీద ఐఎస్ 17017 అనే ప్రమాణం ప్రస్తావన ఉందా అన్నది కూడా చూడండి. వాహనాల చార్జింగు సామగ్రికి మన దేశపు ప్రమాణం అది.

ఎర్తు బాగుందో లేదో తెలుసుకోవడం ఎలా? ఎర్త్ మెగ్గరు అనే పరికరంతో కొలిపించాలి. 5 ఓముల లోపు వస్తే మంచిది. మీ ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటరు మాత్రమే ఉంటే కనీసం ఒక పని చేయించండి. ఇంట్లో మోటారో ఏసీనో నడుస్తుండగా ఆ సాకెట్టులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టులు చూడమనండి. ఒకటి, రెండు, మూడు వోల్టులు వస్తే సహజం. పదీ పదిహేను వస్తే ఎర్తో, న్యూట్రలో ఎక్కడో వదులైంది. కచ్చితంగా సున్నా వచ్చిందనుకోండి, అందరూ సంతోషిస్తారు, నేను మాత్రం సాకెట్టు విప్పమంటాను. లోడు నడుస్తున్నప్పుడు సున్నా వచ్చిందంటే లోపల ఎవరో ఆ రెంటినీ కలిపి ఉండవచ్చు.

మన నేల ఎర్తుకు బాగా అనుకూలం. నీరు పైనే ఉంటుంది, ఎండాకాలంలో కూడా మట్టి చెమ్మగానే ఉంటుంది. రాయలసీమ రాతినేలల్లో వాళ్లు పడే అవస్థ మనకు లేదు. కానీ అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకు మనం ఎంత దూరం? ఆ ఉప్పుగాలి, ఉప్పునీరు ఇనుప పైపును తినేస్తాయి. జీఐ పైపు వేసి, బొగ్గూ ఉప్పూ పోసి, పైన సిమెంటు మూత పెట్టి మరిచిపోతారు. కొన్నేళ్లకు మూత తీస్తే పైపుకు బిగించిన క్లాంపు తుప్పు పొరలుగా చేతికి రాలుతుంది, వైరు గాలిలో వేలాడుతుంటుంది. రాగిపూత వేసిన రాడ్డు, దాని చుట్టూ రసాయనపు పొడి వేసేవి ఇప్పుడు దొరుకుతున్నాయి, మన తీరానికి అవి నయం. ఏది వేసినా సరే, ఆ గొయ్యి మూత తీసి చూడటానికి వీలుగా ఉండాలి. గచ్చు చేసేటప్పుడు దాన్ని కప్పేయకండి.

తర్వాత సాకెట్టు, వైరు. గీజరు పావుగంట నడిచి ఆగిపోతుంది. కారు అలా కాదు, గంటల తరబడి ఒకే పట్టున 13, 15 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్టులో పిన్ను వదులుగా ఉండి, ఆ సందులో ఓములో పదో వంతు నిరోధం ఉన్నా చాలు, 15 ఆంపియర్లకు అక్కడ 22 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవాళ్లు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాన్ని ప్లాస్టిక్ సాకెట్టులో దూర్చి రాత్రంతా ఉంచితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. మొదట సాకెట్టు చుట్టూ లేత గోధుమరంగు మచ్చ వస్తుంది, తర్వాత చేప కుళ్లినట్టు వాసన. ఆ మచ్చ కనబడితే అదే రోజు మార్చండి. ఐఎస్ఐ గుర్తున్న మంచి 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి మీటరు బోర్డు నుంచి విడిగా వచ్చే లైను, ఆ లైనుకు సొంత బ్రేకరు ఉండాలి. ఆ సాకెట్టును ఇస్త్రీపెట్టెకూ, మిక్సీకీ వాడకూడదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కారు పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వైరు మందం దూరాన్ని బట్టి మారుతుంది. ఇది మన ఇళ్లకు చాలా ముఖ్యం. పట్నంలో మీటరు పక్కనే కారు. మన దగ్గర వీధి గుమ్మం దగ్గర మీటరు, దొడ్డిలోనో తోట గేటు దగ్గరో షెడ్డు, మధ్యలో 50 మీటర్లు. 15 ఆంపియర్లకు చాలంటూ 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగితే ఆ దూరానికి 11 వోల్టులు దారిలోనే పోతాయి. మన ఊళ్లలో సాయంత్రం పూట వోల్టేజి 200 దగ్గర కొట్టుకుంటుంది, అందులోంచి ఇంకో 11 పోతే కేబులు ఆగి ఆగి పనిచేస్తుంది. కాబట్టి ప్లగ్గుకైనా 4 లేదా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి. 32 ఆంపియర్ల గోడ పెట్టెకు 6 స్క్వేర్ ఎంఎం కనీసం, దూరం 30 మీటర్లు దాటితే 10 వేయడం మంచిది. ముందుచూపున్నవాళ్లు ఇప్పుడు ప్లగ్గుకే 6 స్క్వేర్ ఎంఎం వేసి ఉంచుకుంటారు. రేపు పెద్ద కారు వస్తే మళ్లీ గోడలు తవ్వక్కర్లేదు.

బిల్లు సంగతి. ఇంట్లో కారు చార్జి చేసుకోవడానికి వేరే అనుమతి ఏమీ అక్కర్లేదు, ఉన్న ఇంటి కనెక్షను మీదే చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. కాకపోతే బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు అని ఒక అంకె ఉంటుంది, అది చూడండి. పాత ఇళ్లకు ఒకటి, రెండు కిలోవాట్లే ఉంటుంది. ఒక ఏసీ, ఒక నీళ్ల మోటారు, పైన 3.3 కిలోవాట్ల కారు కలిస్తే అది ఏ మూలకూ చాలదు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోండి. కిలోవాటుకు ఒకసారి కట్టే డబ్బు కొంత ఉంటుంది, నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కొద్దిగా పెరుగుతుంది. లోడు చెప్పకుండా లాగితే నష్టం మన ఒక్కరితో పోదు. మన వీధి ట్రాన్స్‌ఫార్మరు ఏ 25 కేవీఏదో అయి ఉంటుంది. దాని మీద మూడిళ్లలో 7.2 కిలోవాట్ల చార్జర్లు ఒకేసారి పనిచేస్తే దాదాపు 22 కిలోవాట్లు వాటికే సరి. వీధిలో మిగతా ఫ్యాన్లన్నీ నెమ్మదిస్తాయి.

ఖర్చు చూద్దాం. 2022లో ప్రకటించిన శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్టు 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఇంట్లో మామూలుగా 150 యూనిట్లు కాలుతూ, కారు ఇంకో 150 యూనిట్లు తీసుకుంటే, కారు వాడకానికి సగటున యూనిట్టు 7 రూపాయల 37 పైసలు పడుతుంది. సర్దుబాటు చార్జీలు, సుంకం విడి. 150 యూనిట్లతో దాదాపు 1000 కిలోమీటర్లు తిరగవచ్చు కాబట్టి కిలోమీటరుకు రూపాయి పావలా లోపే. పెట్రోలుతో పోల్చి చూసుకుంటే ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఇంటిపైన 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. ఆ పలకలు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. కొబ్బరిచెట్ల నీడ పడని కప్పు ఉండటమే మన దగ్గర అసలు సమస్య.

చెరువులున్న రైతులకు ఒక మాట. ఏరియేటర్ల కోసం చెరువుగట్టు మీద త్రీఫేజు కనెక్షను సిద్ధంగా ఉంటుంది, రేటు తక్కువ, కారు అక్కడ పెడితే పోతుంది కదా అనిపిస్తుంది. ఆ రేటు రొయ్యల సాగు కోసం ఇచ్చింది. అందులో కారు పెడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అక్రమ వాడకమే. కేసు అయితే కట్టాల్సింది మిగిలిన దానికంటే ఎక్కువ.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఫోను చేసి "నాన్నా, ఇక్కడ అందరం పెద్ద చార్జరే పెట్టించుకున్నాం, నువ్వూ అదే పెట్టించు" అంటుంటారు. వాళ్ల ప్రేమ నిజమే. అక్కడ ఇంటికి 240 వోల్టుల లైను వస్తుంది, బట్టలారబెట్టే యంత్రం కోసమో, వంట పొయ్యి కోసమో 30, 50 ఆంపియర్ల సాకెట్టు ముందే ఉంటుంది, కారు గ్యారేజీ ఇంటిలోనే కలిసి ఉంటుంది. పైగా అక్కడి కార్ల ప్లగ్గు వేరు, మనవి దాదాపు అన్నీ టైప్ 2. సూట్‌కేసులో అక్కడి చార్జరు తెచ్చుకోవద్దు. విదేశాల నుంచి నేర్చుకోవాల్సింది ఉంటే అది బ్రిటన్ నుంచి. అక్కడ 2022 నుంచి అమ్మే ఇంటి చార్జర్లు ఫ్యాక్టరీ నుంచే రద్దీ లేని వేళల్లో పనిచేసేలా పెట్టి రావాలని, వీధిలో అన్నీ ఒకేసారి మొదలవకుండా పది నిమిషాల దాకా ఒక్కొక్కటి ఒక్కోలా ఆలస్యంగా మొదలయ్యేలా ఉండాలని నిబంధన పెట్టారు. మన దగ్గర ఆ నిబంధన లేకపోయినా కారులో టైమరు ఉంటుంది. రాత్రి పదకొండు తర్వాతకు పెట్టుకోండి. అప్పటికి వీధిలో ఏసీలు తప్ప మిగతా లోడు తగ్గుతుంది, వోల్టేజీ కుదుటపడుతుంది.

ఇక గోదావరి, తుపాను. ఈ రెంటినీ లెక్కలో పెట్టుకోకుండా కోనసీమలో ఏదీ బిగించకూడదు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దలు ఇప్పటికీ ఇంటి గోడ మీద నీటి గుర్తు చూపిస్తారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి నీరు వచ్చి లంకలు మునిగాయి. చార్జరు ఛాతీ ఎత్తున పెట్టమని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. మీరు మాత్రం మీ ఇంటి గోడ మీది వరద గుర్తు చూసి, దానికి జానెడు పైన పెట్టించండి, బ్రేకర్ల బోర్డు కూడా. బయట బిగించే పెట్టె మీద ఐపీ 65 లాంటి అంకె ఉంటుంది, దుమ్మూ వానా లోపలికి పోవని దాని అర్థం. నీట మునిగినా తట్టుకుంటుందని కాదు. వైర్లు పెట్టె అడుగు నుంచి లోపలికి పోవాలి, పైనుంచి పోతే వాన వైరు పట్టుకుని దిగుతుంది. లోపలి స్క్రూల దగ్గర రాగి కొసలకు తగరం పూసిన లగ్గులు వేయించండి. మన గాలికి ఒట్టి రాగి రెండు వానాకాలాల్లో ఆకుపచ్చ చిలుము పట్టి వేడెక్కడం మొదలుపెడుతుంది.

పిడుగుల సంగతి మనకు చెప్పక్కర్లేదు, మొండెం మిగిలిన కొబ్బరిచెట్టు లేని తోట ఏది? బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు ఒకటి పెట్టించండి. ఉరుములు మొదలైతే అది ఉన్నా సరే ప్లగ్గు తీసేయండి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లకు, 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చిన రోజులు చూసినవాళ్లకు కరెంటు ఎన్నాళ్లకు తిరిగి వస్తుందో అంచనా ఉంటుంది. తుపాను హెచ్చరిక రాగానే కారు నూటికి నూరు శాతం నింపి, మెరక మీద పెట్టుకోండి. చెరువు జనరేటరుతో నింపుకోవచ్చా అని అడుగుతుంటారు. గుచ్చగానే ఎర్రలైటు వెలుగుతుంది. చాలా జనరేటర్లలో న్యూట్రల్ భూమికి కలిపి ఉండదు, కేబులు పెట్టె దాన్ని ఎర్తు లేనట్టే లెక్కిస్తుంది. జనరేటరు దగ్గరే ఎర్తు రాడ్డు వేసి, అక్కడే న్యూట్రల్‌ను దానికి పద్ధతిగా కలపాలి. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ వానాకాలానికి ముందే చేసి పెట్టాల్సిన పని. గాలి వీస్తుండగా చేసేది కాదు.

సంక్రాంతికి అల్లుళ్లు, కొడుకులు వస్తారు. ఒకే వాకిట్లో రెండు మూడు కరెంటు కార్లు ఆగే రోజులు వచ్చేశాయి. అందరికీ తలో ప్లగ్గు వెతక్కండి. ఉన్న ఒక్క మంచి లైను మీద వంతులవారీగా పెట్టుకోండి, రేపు పొద్దున్నే బయల్దేరేవాళ్లది ముందు. అతిథులకు గదులిచ్చేవాళ్లయితే గోడ పెట్టె కొనేటప్పుడు ఆంపియర్లు తగ్గించుకునే వీలున్నది చూడండి. 32 మీద నడిచేదాన్ని 16కో 10కో తగ్గిస్తే ఏసీలన్నీ నడుస్తున్న రాత్రి కూడా మెయిను పడిపోదు. ఫోను యాప్ లేకుండా పనిచేసేది తీసుకోండి. తుపాను తర్వాత సిగ్నల్ కూడా ఉండదు.

పని పూర్తయ్యాక, డబ్బు చేతిలో పెట్టే ముందు, బిగించిన అతన్ని మీ ఎదురుగా ఆర్‌సీసీబీ మీద టెస్టు బటను నొక్కమనండి, టక్కున పడాలి. ఎర్త్ మెగ్గరు పెట్టి ఎన్ని ఓములొచ్చిందో కాగితం మీద రాయించి, తేదీ వేయించి, బోర్డు తలుపు లోపల అంటించండి. వచ్చే ఎండాకాలం మళ్లీ కొలిపించి కొత్త అంకె దాని కింద రాయించండి. రెండో అంకె మొదటిదానికంటే బాగా పెరిగి ఉంటే గొయ్యి మూత తీసి క్లాంపు చూడమనండి.